వయస్సు వ్రాసిన చేతులు: కూరెకుప్ప సీమలో శిశురక్షణ చరిత్ర

బళ్లారినుండి పడమరగా హోసపేటకు పోవు బాటలో, తోరణగల్లు రైలుకూడలికి చేరువగా, సండూరు తాలూకాలో కూరెకుప్ప యను ఊరు కలదు. ఇనుపరాతి కొండల నీడన, ఎఱ్ఱధూళి యెగసిపడు ఈ సీమలో తెలుగును కన్నడమును ఒకే వీథిలో, తరచుగా ఒకే నోట వినవచ్చును. ఈ ప్రాంతపు చరిత్రను వ్రాసిన పెద్దలు విజయనగర ప్రభువుల వైభవమును, హండె నాయకుల కోటలను, సండూరునేలిన ఘోర్పడే వంశీయుల సంస్థానమును, 1800లో దత్తమండలములు కుంఫిణీవారి వశమైన వైనమును, మన్రో దొర జమాబందిని విపులముగ వర్ణించిరి. కాని ఆ కాలములన్నింటను ఈ యిండ్లలో పుట్టిన బిడ్డ యేమైనదో, దానిని ఆకలికి వదలకుండ, పనికి తాకట్టు పెట్టకుండ, బొమ్మలాటల యీడున కాపురమునకు పంపకుండ, దేవరకు విడువకుండ అడ్డుపడిన వారెవరో విచారించినవారు అరుదు. విచారింపగా నాకు తోచినది ఇది. శాసనకర్తలు శిశువు చుట్టు గీసిన రక్షణరేఖ ఏ కాలమునందైనను ఒక సంఖ్యయే: ఒకప్పుడు పండ్రెండు, మరియొకప్పుడు పదునాలుగు, నేడు పదునెనిమిది. ఆ సంఖ్యను బిడ్డకు రుజువుతో అతికించి, ఆ రేఖకు ప్రాణము పోసినవారు మాత్రము న్యాయస్థానముల వారు కారు. గడప దాటి లోనికి వచ్చిన టీకాలవాడు, దాయి, నర్సు, అంగనవాడి కార్యకర్త.

మొదట కరవు సంగతి చెప్పవలెను. 1876లో వానలు తప్పి, మన పెద్దలు ధాత కరవని పేర్కొన్న ఆ మహాక్షామము దక్షిణదేశమును పట్టి పీడించినప్పుడు, చెన్నపురి రాజధానిలో బళ్లారి మండలము అత్యంత దారుణముగ నష్టపడిన వానిలో నొకటి. అనంతపురము సీమ ఇంకను కలిసియున్న ఆ మండలమున 1871 జనగణనమునకును 1881 జనగణనమునకును నడుమ ప్రజాసంఖ్య ఇంచుమించు అయిదింట నొక పాలు తగ్గిపోయెను. 1877 జనవరిలో రిచర్డు టెంపులు దొర రోడ్లపనులకు, చెరువుపనులకు వచ్చు కూలీల బత్తెమును తగ్గించి, పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపైన కొలది పైకమును చాలునని నిర్ణయించెను. పనిచేయు పిల్లలకు దానికంటెను తక్కువ. అప్పుడు చెన్నపురి పారిశుధ్యశాఖ కమీషనరుగా నున్న వైద్యుడు కోర్నిషు, ఆ కూలి మనుష్యుని బ్రదికించుటకు చాలదని శరీరశాస్త్ర ప్రమాణములతో వాదింపగా, కొలది నెలలకే ఆ కొలత సడలింపబడెను. ఈ సీమ బిడ్డల ఆకలిని ప్రభుత్వము నెదుట లెక్కలతో నిలువబెట్టినవాడు ఒక ఆరోగ్యాధికారి యగుట గమనింపదగిన విషయము. అయినను జననపత్రములు లేని ఆ దినములలో బాలుడెవరో పెద్దవాడెవరో తేల్చుటకు కంటిచూపు తప్ప వేరు సాధనము లేదు. ఎముకలు తేలిన పదేండ్ల బిడ్డ ఆరేండ్లదానివలె కనబడునని చెప్పుటకు వైద్యుడు అక్కరలేదు గదా. ఇంతకు ముప్పది యేండ్లకు పూర్వమే, ఇదే సండూరు కొండలమీద రామన్‌దుర్గమున తెల్లసిపాయిల దేహారోగ్యముకొరకు చల్లని నివాసములు వెలసియుండెను. కొండ దిగువనున్న పల్లెలకు వైద్యము అంత త్వరగా దిగిరాలేదు.

ఇక బసివి యాచారము. ఈ మాట వ్రాయుటకు మనసొప్పదు గాని వ్రాయక తప్పదు. కొడుకులు లేని తండ్రి తన కూతుండ్రలో నొకతెను చిన్నతనముననే దేవరకు విడిచి, ముద్ర వేయించి, పెండ్లి లేని బ్రదుకునకు అప్పగించు పద్ధతి బళ్లారి సీమలో బోయలు మొదలుగా గల కొన్ని కులములలో ప్రబలియుండెను. పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున దీనిని గూర్చి ప్రత్యేకముగ వ్యాసము వ్రాసెను; 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటములలోను ఈ విషయము విస్తరించి చెప్పబడినది. ఈ వ్రాతలవలన స్పష్టమగునది ఏమనగా, బసివియైన కూతురు తండ్రికి కొడుకుతో సమానము: ఆమె ఆస్తికి వారసురాలగును, తండ్రికి ఉత్తరక్రియలు జరుపును, ఆమె బిడ్డలు తాతయింటి పేరును నిలుపుదురు. ఆచారమునకు అంతటి పట్టు ఎక్కడిదో దీనివలన తెలియుచున్నది. నేలయు, పేరును, పరలోకమును ఒక పసిదాని శరీరముమీద నిలువబెట్టిన యేర్పాటిది. అందుచేతనే కేవలము దురాచారమని నిందించిన సంస్కర్తల మాటలు ఆ తండ్రుల చెవికెక్కలేదు. ఆ పసిదానిని మాత్రము ఎవరును అడుగలేదు.

1860 నాటి శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షనులు బాలికలను వ్యభిచారమునకై అప్పగించుట నేరమని చెప్పినవి. కాని ఆ రక్షణ పదునారేండ్లకు లోబడిన వారికే, 1924లో దానిని పదునెనిమిదికి పెంచిరి. బళ్లారి సీమ బసివి వ్యాజ్యములు మద్రాసు హైకోర్టు వరకు పోయినవి. అట్టి వ్యాజ్యములన్నింటను తొలుత తేలవలసినది పిల్ల వయస్సు. ఏ యేట పుట్టినదని యడిగిన, పెద్దవాన కురిసిన యేడని ఒకరు, జాతర జరిగిన మరుసటి యేడని మరియొకరు చెప్పు పల్లెలో, పదునైదును పదునేడును వేరుచేయగల సాక్ష్య మెక్కడిది?

ఇట్టి సమయమున ఈ విషయమును పట్టుకొన్నవారు మరల వైద్యవృత్తిలోని వారే యయిరి. 1912లో మద్రాసు వైద్యకళాశాలనుండి పట్టము పుచ్చుకొన్న డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి శాసనసభలో ప్రవేశించి, 1929లో దేవదాసీల యీనాములను గుడిసేవనుండి విడదీయు చట్టమును సాధించిరి. ఆ యీనాము భూమి కొరకే ఆడబిడ్డను గుడికి ముడిపెట్టు కుటుంబములకు ఇక ఆ ముడి యవసరము లేకపోయెను. చిక్కుముడి ఎక్కడ బిగిసియున్నదో అక్కడనే వ్రేలు పెట్టిన ఉపాయమిది. ఆశ్రయములేని బాలికలకొరకు 1930లో ఆమె అవ్వై ఇల్లమును స్థాపించిరి. అంకితము చేయుటయే నేరమని చెప్పు చట్టము చెన్నరాష్ట్రమున 1947లో వచ్చినది. అయినను సండూరు సంస్థానము 1949లో విలీనమగువరకు బ్రిటిషు మండలపు శాసనములు సంస్థానపు పొలిమేర దాటి తమంతట తాము చెల్లునవి కావు. కొండకు ఈవల నేరమైనది ఆవల ఆచారముగనే నిలువగల కాలమది.

అంతకు పూర్వమే మరియొక చిన్నపని, ఎవరును పొగడనిది, మొదలైయుండెను. 1884లో చెన్నరాజధానికి టీకాల చట్టమును, 1899లో జననమరణముల నమోదు చట్టమును వచ్చినవి. పల్లెలో లెక్క వ్రాయు బాధ్యత గ్రామమునసబుది. అమ్మవారు పోయునను భయము ప్రతి యింటను ఉన్నందున, టీకాలవాడు వచ్చిన దినమున కొందరు తల్లులు బిడ్డలను గాదెలమాటున దాచిరి, కొందరు భుజము చూపిరి. ఎట్లైనను, ఏ యింట ఎందరు బిడ్డలున్నారో, ఎవరికి టీకా పడినదో, ఎవరికి పడలేదో ఊరివాడు కాని యొక మనుష్యుడు మొదటిసారి లెక్కగట్టెను. భుజముమీది మచ్చ రోగమునుండి కాపాడుట యొక్కటియే కాదు, ఈ బిడ్డను సర్కారు చూచినదనుటకు గుర్తు. స్వాతంత్ర్యానంతరము 1948లో మన మదనపల్లె ఆరోగ్యవరమున బి.సి.జి. టీకాలు భారతదేశమున మొదలైనప్పుడు ఈ లెక్క మరింత పెరిగెను. ఇండ్ల లోపలి బాధ మాత్రము అప్పటికిని టీకాలవారి పుస్తకములకెక్కలేదు. వారిని అది వ్రాయుమని ఎవరును కోరలేదు.

బాల్యవివాహముల విషయమున కథ ఇంతకంటె భిన్నము కాదు. పొరుగున మైసూరు సంస్థానము 1894లోనే ఎనిమిదేండ్లు నిండని బాలికల పెండ్లిని నిషేధింపగా, బళ్లారి బ్రిటిషువారి క్రిందనుండుటచేత 1930 ఏప్రిలులో శారదా చట్టము అమలునకు వచ్చువరకు వేచియుండెను. ఆ చట్టము పదునాలుగేండ్ల హద్దు గీసినది గాని, ఫిర్యాదు చేయువాడు పూచీకత్తు ఇయ్యవలె, ఏడాది గడిచిన పిమ్మట విచారణ లేదు అను షరతులు పెట్టి, తన చేతులను తానే కట్టుకొన్నది. పొరుగింటి పెండ్లిని గూర్చి పూచీకత్తు చెల్లించి కచేరికెక్కు వాడెవడు? 1978లో ఆ హద్దును పదునెనిమిదికి పెంచిరి. 2006లో క్రొత్తచట్టము వచ్చినది. కర్ణాటకము 2017లో మరియొక యడుగు ముందుకు వేసి, తన పరిధిలో జరుగు బాల్యవివాహము మొదటినుండియే చెల్లదని శాసించినది.

చట్టముల కథ ఇట్లుండగా, 1946లో దేశపు ఆరోగ్యవ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ, వైద్యము ఆసుపత్రి గోడలమధ్య నిలిచిపోక పల్లెకు రావలెనని, తల్లిని బిడ్డను మొదట చూడవలెనని చెప్పినది. 1952 తరువాత సమష్టి వికాస పథకములతో ప్రాథమికారోగ్య కేంద్రములు వెలసినవి. 1953 అక్టోబరు 1న బళ్లారి మండలము చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, తక్కినవి మైసూరునకును పోయినవి. చుట్టములు ఆవలను ఈవలను మిగిలిరి, పెండ్లి సంబంధములు మునుపటివలెనే సాగినవి. కర్ణాటకమున బాల్యవివాహము నాపినచో పొలిమేర దాటి అనంతపురము జిల్లాలోని మేనమామ యూరిలో ముహూర్తము పెట్టుకొనవచ్చు ననునది ఈ సరిహద్దు ప్రజలకు తెలియని విషయము కాదు.

1975 అక్టోబరు 2న దేశమునందు ముప్పదిమూడు ప్రాంతములలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఈ చరిత్రలో గొప్ప మలుపని నా నమ్మకము. అంగనవాడియందు జరుగు పనిని దగ్గరగా చూచినవారికి నేనిట్లనుటకు కారణము తెలియును. దూలమునుండి వ్రేలాడు త్రాసునకు గుడ్డ ఉయ్యెల తగిలించి, అందు బిడ్డను కూర్చుండబెట్టుదురు. బిడ్డ కాళ్లు ఝాడించును, ముల్లు ఊగును, కార్యకర్త ఊపిరి బిగబట్టి ఆ ముల్లు నిలిచిన క్షణమున అంకె పట్టుకొని, ఎదుగుదల పటముమీద చుక్క పెట్టును. చుక్కలు నెలనెలకు కలిసి గీతయగును. గీత పైకి సాగుచున్నంతవరకు సరియే. అది చదునైనచో, క్రిందికి దిగినచో, ఆమె మొదట అడుగునది రోగమును గూర్చి. రెండవది ఇంటిని గూర్చి. తల్లి వలస పోయినదా, తండ్రి త్రాగి వచ్చుచున్నాడా, ఆడపిల్లయని పాలు తగ్గించిరా, సవతితల్లి యున్నదా? తరువాత వచ్చిన భుజము కొలత పట్టీయు అట్టిదే: మోచేతికి పైన చుట్టిన ఆ కాగితపు పట్టీ పదకొండున్నర సెంటిమీటర్లకు లోబడి ఎఱ్ఱరంగు చూపినచో ఆ బిడ్డ ప్రాణాపాయములో నున్నదని అర్థము. నిర్లక్ష్యమునకు సాక్షి పలుకనక్కరలేదు, పట్టీ పలుకును. పోలీసువాడు గుమ్మము త్రొక్కినచో ఇల్లంతయు నోరు మూసుకొనును; పాపను తూచుటకు వచ్చిన అక్కయ్యకు పీట వేసి, కడుపులోని మాట చెప్పుకొందురు.

ఈ రహస్యమును ప్రపంచమున పలువురు వేరువేరుగా కనుగొనిరి. 1862లో మాంచెస్టరు, సాల్‌ఫర్డు నగరములలోని స్త్రీల పారిశుధ్య సంఘము వారు పేదయిండ్లకు పరిచారికలను పంపిరి; ఇంగ్లండులో ఇంటింటికి తిరుగు ఆరోగ్య సందర్శకురాలను పదవికి అది పునాది. 1962లో అమెరికా వైద్యుడు హెన్రీ కెంప్, తలిదండ్రుల చేతి దెబ్బలవలననే కొందరు పసివారు ఎముకలు విరిగి ఆసుపత్రికి వచ్చుచున్నారని సహవైద్యులతో కలిసి ప్రకటించి లోకమును కలవరపరచెను. పదునాలుగేండ్ల పిమ్మట ఆయనయే, ప్రతి బిడ్డకు ఒక ఆరోగ్య సందర్శకురాలు ఉండవలెనని ప్రతిపాదించెను. గాయమును కనుగొన్న కన్ను గాయమునకు ముందటి ఘడియను వెదకుకొనుచు పోయినదన్నమాట. 1977లో న్యూయార్కు రాష్ట్రమందలి ఎల్మైరా పట్టణమున డేవిడ్ ఓల్డ్స్ ఆరంభించిన ప్రయోగములో నర్సులు గర్భిణులను పలుకరించుచు, బిడ్డకు రెండేండ్లు నిండువరకు ఆ యింటికి పోవుచుండిరి. పదునైదేండ్ల తరువాత చూడగా, అట్టి యిండ్లలో పిల్లలపై హింస, నిర్లక్ష్యము గూర్చిన నివేదికలు తక్కిన యిండ్లకంటె చాల తక్కువగా నుండెను. మన పల్లెలలో ఇల్లిల్లు తిరుగు నర్సు, అనగా ఏ.ఎన్.ఎం., నడిచిన బాటకు ఇంతకంటె మంచి సాక్ష్యము కావలసియున్నదా?

కూరెకుప్ప భాగ్యము మారినది ఇనుముతో. 1971లో ఇందిరాగాంధీ తోరణగల్లునొద్ద ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. పని మాత్రము నిలిచిపోయి, 1990ల నడుమ ప్రైవేటు కర్మాగారముగా రూపుదాల్చినది. 2003 ప్రాంతమునుండి చైనాదేశపు గిరాకీతో ఇనుపరాతి వెల మిన్నంటగా, సండూరు, హోసపేట తాలూకాల పొలములుకూడ గనులైనవి. రాయలసీమనుండి, తెలంగాణమునుండి కరవు తరిమిన కుటుంబములు గుంపులుగా వచ్చి, ప్లాస్టికు గుడ్డల డేరాలలో కాపురముండి, పట్టాభూముల గనులలో సుత్తితో రాయి పగులగొట్టి, జల్లెడ పట్టి, పుడిసెడు కూలి సంపాదించిరి. తల్లి ప్రక్కనే బిడ్డయు రాయి ఏరెను. గనుల చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని గనిలోనికి రానీయరాదని 1983 సవరణనుండి చెప్పుచునే యున్నది. 2010లో ధాత్రి, సమత, హక్ సంస్థలు కలిసి దేశమందలి గనులు పిల్లల బ్రదుకులనేమి చేయుచున్నవో వివరించిన నివేదికలో బళ్లారికి ప్రత్యేకస్థానము దక్కినది. అట్టి స్థానము ఏ సీమకును దక్కకుండుగాక. మరుసటి సంవత్సరము అక్రమ గనులపై లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక, 2011 జూలైలో గనుల త్రవ్వకముపై సుప్రీంకోర్టు నిలుపుదల ఉత్తరువు వచ్చినవి. గనులు మూతపడగా డేరాలు లేచిపోయినవి. ఆ పిల్లలు ఏ యూరికి పోయిరో ఏ పుస్తకమునందును లేదు, ఏలయన వారిలో ననేకులు ఏ అంగనవాడి పుస్తకమునందును మొదటినుండి లేరు. సొంతయూరి పుస్తకములో పేరుండును, బిడ్డ యుండదు. గనియూరిలో బిడ్డ యుండును, పేరుండదు.

వలస బిడ్డ యనగా లెక్కకు రాని బిడ్డ. లెక్కకు రాని బిడ్డకు బడిలేదు, టీకాలేదు, వయస్సు లేదు. వయస్సు లేనివానిని బాలకార్మికుడని ఎవరు రుజువు చేయగలరు? ఈ విషయమున మన తెలుగునాట రంగారెడ్డి జిల్లాలో 1991నుండి శాంతాసిన్హా నాయకత్వమున ఎం.వి. ఫౌండేషను చేసిన కృషి మరువరానిది. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే యని వారు తీసికొన్న నిర్ణయము, వయస్సు వాదములను ఒక్క దెబ్బతో ప్రక్కకు నెట్టినది. 2002లో బళ్లారితో కూడ ఉత్తర కర్ణాటకపు ఏడు జిల్లాలలో బడి మధ్యాహ్న భోజనము మొదలగుట ఇటువంటి మరియొక మేలు.

2005నుండి ఆశా కార్యకర్తలు వచ్చిరి. కర్ణాటకమున గర్భిణి చేతికి ఇచ్చు తాయి కార్డులో పురుటి తేది యుండును, బిడ్డ టీకాల తేదులుండును. పదునైదేండ్ల తరువాత పెండ్లిపందిటిలో తలిదండ్రులు పిల్లకు పందొమ్మిదేండ్లని బుకాయించినపుడు ఇటువంటి కాగితములే ఎదురు నిలుచును. బాల్యవివాహ నిషేధాధికారులుగా పంచాయతి అభివృద్ధి అధికారులను, అంగనవాడి పర్యవేక్షకురాండ్రను సైతము ఆ రాష్ట్రము నియమించినది. 2012 నాటి పోక్సో చట్టము ఇంకను ముందుకు పోయి, పసివారిపై లైంగికనేరము తెలిసినవారు తెలియజేయకుండుటయే నేరమన్నది. ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. పోలీసులకు తెలియునను భయముచేత గర్భవతియైన బాలిక ఆసుపత్రికే రాకపోయినచో, చట్టము కాపాడదలచిన ప్రాణమే అపాయమున పడును. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గర్భస్రావము కోరు బాలిక పేరును, గుర్తులను, ఆమెయు సంరక్షకులును కోరినచో వైద్యుడు పోలీసులకు తెలుపనక్కరలేదని చెప్పుట ఈ కారణముననే. చట్టమునకును వైద్యమునకును నడుమ నమ్మకమును నిలుపు ఇట్టి సవరణలు మరిన్ని కావలెను.

ఈ భారమంతయు మోయుచున్న స్త్రీలను గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. బోయవీథిలో పెండ్లిని ఆపించిన అంగనవాడి కార్యకర్త మరునాడు అదే వీథిలో నీళ్లు పట్టుకొనవలెను. 1992లో రాజస్థానమున భన్వరీదేవి యను గ్రామకార్యకర్త ఒక పసిపిల్ల పెండ్లిని అడ్డుకొన్నందుకు ఆమెపై జరిగిన అఘాయిత్యమును దేశమెఱుగును. ఇంతటి సాహసము చేయువారికి మన ప్రభుత్వములు ఇచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, అంగనవాడి కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు కలదని తీర్పు చెప్పినది. పథకము పుట్టి నలువదియాఱేండ్లు నిండిన పిమ్మట ఈ మాట వినుటకు వారు న్యాయస్థానమునకు పోవలసివచ్చుట నన్ను బాధించుచున్నది.

దేవరకు విడుచుట 1982 నాటి కర్ణాటక చట్టముతోను అంతము కాలేదు. 1993–94లోను 2007–08లోను జరిగిన గణనలలో ఆ రాష్ట్రమున మొత్తము 46,660 మంది దేవదాసీలు లెక్కకు వచ్చిరి. బళ్లారి వంటి ఉత్తర జిల్లాలే అందు ముఖ్యము. అంకితము నేడు గుడిలో జరుగదు. ఇంట, రాత్రివేళ, నలుగురి నడుమ జరుగును. పూజారి లేడు, మంగళవాద్యము లేదు, కాబట్టి నేరమునకు బహిరంగ సాక్షి లేడు. ఆ పిల్ల బడి మానినదని, మెడలో ముత్యాల సరము పడినదని మొదట గుర్తింపగలది కౌమారబాలికలకు ఇనుపమాత్రలు పంచుటకు పోవు కార్యకర్తయే.

2006నుండి కర్ణాటక గ్రామపంచాయతులు ఏటేట మక్కళ గ్రామసభ, అనగా పిల్లల సభ, జరుపవలెను. అందు పిల్లలే లేచి తమ బడికి దారి లేదనియు, సారాదుకాణము దాటి పోవుటకు భయమనియు, స్నేహితురాలికి పెండ్లి కుదిర్చినారనియు అధికారుల యెదుట చెప్పుదురు. కూరెకుప్ప నేడు పురసభ. కర్మాగారము పెంచిన ఊరు పట్టణమైనది, వీథిదీపములు వచ్చినవి, కౌన్సిలర్లు వచ్చిరి. గ్రామపంచాయతి లేదు గనుక దాని పేరిట జరుగవలసిన పిల్లల సభకు ఆధారమును పోయినది. వెయ్యిమంది జనమునకు ఒక ఆశా కార్యకర్తయను పల్లెల కొలతయు పట్టణమున అట్లే వర్తింపదు. బీహారు, ఒడిశా, రాయలసీమలనుండి వచ్చి ఇరుకు గదులలో నివసించు కూలీల బిడ్డలు పెరుగుచున్నది సరిగా ఇట్టి క్రొత్త పట్టణములందే. పురసభలు తమ వార్డులలో పిల్లల సభను తప్పక జరుపవలెనని ఒక ఉత్తరువు వెలువరించుటకు, అంగనవాడి లెక్కలకై 2021నుండి వాడుకలోనున్న పోషణ్ ట్రాకరులో వలస బిడ్డ పేరును రాష్ట్రము దాటించు సౌకర్యమును ఈ కాలనీలలో నిజముగ వినియోగించుటకు, బెంగుళూరులో క్రొత్త శాసనమేమియు చేయనక్కరలేదు. ఆ యిండ్ల గడపలు దాటుటకు తగినంతమంది మనుష్యులను నియమించి, వారికి సకాలమున జీతమిచ్చిన చాలును.